సహాయనిధి సంఘ సభ్యులకేనా?

ప్రశ్న: మా వీధిలో మంచం పట్టిన ఒక పెద్దావిడ క్రైస్తవురాలు కాదు. ఆమె మందులకు చర్చి సహాయనిధి నుండి డబ్బు ఇవ్వకూడదని కొందరు పెద్దలు అంటున్నారు. ఇవ్వడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో, దొంగలు కొట్టి పడవేసినవానిని యాజకుడు, ఆలయ సేవకుడైన లేవీయుడు చూసి ప్రక్కగా పోగా, యూదులు దూరంగా ఉంచిన సమరయుడే గాయాలు కట్టి, పూటకూళ్లవానికి రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. ఒక్కనాటి దానంతో చేతులు దులుపుకోని ఆ మాటే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. 1883లో గుంటూరు చేరిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ కూడా అన్ని మతాల స్త్రీలకూ వైద్యం చేశారు. నిధి నియమాలు అడ్డువస్తే వాటి సవరణకు సంఘ కమిటీని అడగండి. ఈలోగా ఆమె మందుల చీటీ తీసుకొని మీరే దుకాణానికి వెళ్లండి.