కాగితం వెనక్కి తిప్పి చూడు తల్లీ

తల్లీ,

మీ నాన్న నిన్న ఫోను చేసి చెప్పాడు. మా తాతయ్య మీద, అంటే 1921లో చీరాలలో ఇల్లూ వాకిలీ వదిలి, ఊరి బయట పాకల్లో వెలిసిన రామనగరం వెళ్లిన ఆ మనిషి మీద, అసలు కాగితాలు వెతికి పుస్తకం రాయబోతున్నావట. విన్నప్పటి నుంచి నా మనసు ఒక చోట నిలవడం లేదు. ఇన్నేళ్లలో ఆయన ఎలాంటివాడని నన్ను ఎవరూ అడగలేదు. అడిగిన మొదటిదానివి నువ్వే. నాకెంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

కానీ సాయంత్రం నువ్వు పంపిన ఫోటో చూసి గుండె జారిపోయింది. మీ తాతయ్య అచ్చు వేయించిన వంశవృక్షంలోని పేజీ అది. "ఇక్కడి నుంచి మొదలుపెడుతున్నాను చిన్నతాతా" అని కింద రాశావు. అక్కడి నుంచి మాత్రం మొదలుపెట్టవద్దు. ఎందుకో చెబుతాను, ఓపికగా చదువు.

ముందు మామూలు సంగతులు. బతికున్న పెద్దవాళ్ల మాటలు ముందు రికార్డు చేసుకో. కాగితాలు ఎక్కడికీ పారిపోవు, మేము పోతాము. ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫోటో తీసి, అది ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ తేదీన చూశావో వెంటనే రాసుకో. రికార్డు గదుల్లోకి పెన్సిలే తీసుకెళ్లు, పెన్ను వద్దు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పవద్దు. మన పాత కాగితాలకు లామినేషన్ చేయించవద్దు, సెలోటేపు అంటించవద్దు. ఈ చివరి మాట రెండుసార్లు రాసినట్టు అనుకో. ఒకసారి లామినేషన్ అయిన కాగితాన్ని పాడుకాకుండా మళ్లీ బయటికి తీయడం చాలా కష్టం.

ఇక జిల్లా సంగతి. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లా. 2022కి ముందు ప్రకాశం. 1970కి ముందు గుంటూరు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు కృష్ణా జిల్లాలో, బాపట్ల తాలూకాలో ఉండేది. ఊరు కదలలేదు, సర్కారు కచేరీలే మారాయి. నువ్వు మద్రాసు ఎగ్మూరులోని పాత రికార్డుల కార్యాలయానికి వెళ్లి గుంటూరు పేరు మీద 1890 నాటి కాగితం అడిగితే లేదంటారు. లేదనే మాట విని వెనక్కి రావద్దు, కృష్ణా కింద అడుగు. అక్కడ చదువుకోవడానికి ఏ అనుమతులు కావాలో బయలుదేరే ముందే కనుక్కో.

ఇప్పుడు ఆ పేజీ సంగతికి వస్తాను.

అన్నయ్య, అంటే మీ తాతయ్య, చాలా కష్టపడి ఆ పుస్తకం చేశాడు. సెలవుల్లో సైకిలు మీద చుట్టాల ఊళ్లన్నీ తిరిగాడు. ఆయన పెట్టెలో ఒక పాత విక్రయ కాగితం ఉండేది, గొలుసుకట్టు రాత. అందులో మన ఇంటిపేరు, తాతయ్య పేరు, "దుర్మతి నామ సంవత్సర వైశాఖ మాసం" అని తేదీ. అప్పు తీర్చడం కోసం ఇంటి పక్క పెరటి స్థలాన్నీ పాకనూ నూటయాభై రూపాయలకు అమ్మినట్టు ఉంది. దుర్మతి అంటే 1921. సరిగ్గా ఆ వేసవిలోనే కదా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని ఊళ్లు ఖాళీ చేసి బయట పాకలు వేసుకున్నది. అన్నయ్య రెండూ కలిపాడు. "అప్పుల బాధ భరించలేక ఆస్తి అమ్ముకుని, ఉద్యమంలో పోయే జనంతో కలిసి ఊరు విడిచెను" అని అచ్చులో పెట్టాడు.

మా మేనత్త అప్పటికి బతికే ఉంది. తాతయ్య కూతురు. రామనగరం నాటికి చిన్నపిల్ల, కానీ అన్నీ జ్ఞాపకమే. మగ్గం కర్రలు విప్పి బండి మీద కట్టడం, ఎండకు కాలిన ఇసుకలో నడవడం, వానాకాలం పాకలోకి నీళ్లొస్తే నూలు కండెలు తడవకుండా వాళ్లమ్మ నెత్తిన పెట్టుకుని నిలబడడం. పుస్తకం చేతికొచ్చిన రోజు ఎవరో ఆ వాక్యం చదివి వినిపించారు. ఆమె గట్టిగా ఏమీ అనలేదు. "మా నాన్న అప్పుకు జడిసి పోలేదురా. అందరం అనుకునే పోయాం" అంది అన్నయ్యతో. అన్నయ్య ఆ కాగితం చూపించాడు. చదువురాని మనిషి, కాగితం చూపిస్తే ఏం మాట్లాడుతుంది? పుస్తకాన్ని కళ్లకద్దుకుని పక్కన పెట్టేసింది. ఆ తరువాత తన తండ్రి ఊసు మా ముందు ఎత్తలేదు.

ఆమె పోయాక చాలా రోజులకు ఆ కాగితం నా చేతికి వచ్చింది. నా ఉద్యోగమంతా దస్తావేజుల మధ్యే గడిచింది కాబట్టి చేయి అలవాటు కొద్దీ వెనక్కి తిప్పింది. వెనక ఏమీ లేదు. నంబరు లేదు, ముద్ర లేదు, వేలిముద్ర లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వచ్చాక వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తిని అమ్మితే రిజిస్టరు చేయించి తీరాలి. నూటయాభై రూపాయల విక్రయానికి 1921లో సబ్ రిజిస్ట్రారు ముద్ర లేకపోవడమేమిటి? అప్పుడు హద్దులు చదివాను. దక్షిణం అమ్మేవాడి సొంత ఇల్లు. తూర్పు సర్కారు బంజరు. మన పాత ఇంటి తూర్పున బంజరేమిటి తల్లీ, అక్కడ ఉన్నది రైలు కట్ట! బెజవాడ నుంచి మద్రాసు వైపు ఆ లైను 1899లోనే పడింది. మేనత్త చిన్నప్పుడు ఆ కట్ట మీద కూర్చుని బండ్లు లెక్కపెట్టేదట. 1921లో రాసిన కాగితమైతే తూర్పు హద్దుగా రైలు రావాలి.

అప్పుడు అర్థమైంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 1921 దుర్మతి, 1861 కూడా దుర్మతే. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. ఆ అమ్మినాయన మా తాతయ్య కాదు, ఆయన తాత. పేరూ ఒకటే, ఇంటిపేరూ ఒకటే, సంవత్సరం పేరూ ఒకటే. ఆ తాత చేసిన అప్పు, అరవై ఏళ్ల తరువాత మనవడి నెత్తిన పడింది.

అన్నయ్యకు చూపించాను. చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు. "అత్త చెప్పింది కదరా" అన్నాడు. తన దగ్గరున్న ప్రతులన్నిటిలో సవరణ చీటీ అంటించాడు, దగ్గరి చుట్టాల ఇళ్లకు వెళ్లి మరీ అంటించి వచ్చాడు. కానీ అప్పటికే పంచేసినవి ఎన్నో. నువ్వు పంపిన ఫోటోలో చీటీ లేదు. అది సవరించని ప్రతి. ఇప్పుడు దాన్నే ఎవరో స్కాన్ చేసి చుట్టాలందరి ఫోన్లకూ పంపుతున్నారని మీ నాన్న అన్నాడు. నాకు నిద్ర పట్టకపోవడానికి అదే కారణం. మీ తాతయ్య మీద నీకున్న ప్రేమ తగ్గాలని ఇదంతా రాయలేదు. ఆయన్ను మించి ఈ పనిని ప్రేమించినవాడు మన ఇంట్లో లేడు. నువ్వు ఆయన దారిలోనే నడుస్తున్నావు కాబట్టి ఆయన పడిన గోతిని చూపిస్తున్నాను.

కాబట్టి పేరు కలిసిందని మనిషి కలిశాడనుకోవద్దు. పాత దస్తావేజులో పేరు తరువాత ఉండేవన్నీ చదువు. తండ్రి పేరు, వయసు, వృత్తి, కాపురం. సంతకమా, చదువురానివాళ్లు పెట్టే నిశానీయా? సాక్షులు ఎవరు, దస్తూరి, అంటే చేతిరాత, ఎవరిది? అన్నిటికన్నా హద్దులు. నాలుగు దిక్కులా పొరుగువారి పేర్లుంటాయి. ఒక కాగితంలో ఉత్తరాన ఉన్నవాడు తన ఇల్లు అమ్ముకున్నప్పుడు, అతని కాగితంలో మనవాడు దక్షిణాన కనిపించాలి. అలా కనిపించిన రోజు గట్టిగా నమ్ము. సంవత్సరం పేరు మాత్రమే ఉంటే దానికి కుదిరే రెండు ఇంగ్లీషు సంవత్సరాలూ రాసుకుని, ఏది ఎందుకు కాదో తేల్చు. తిథీ వారమూ కూడా ఉంటే పాత పంచాంగంతో సరిచూడు, చాలాసార్లు రెండు సంవత్సరాల్లో ఒకదానికే కుదురుతుంది. ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, వేసి ఉంటే 590 కలుపు. ఆ సంవత్సరం జూలైలో మొదలవుతుందని మరిచిపోవద్దు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లుంటాయి. పేర్ల సూచిక వేరు, ఆస్తి సూచిక వేరు. రుసుము కడితే ఎవరైనా చూడవచ్చు. వీలునామాలది మూడో పుస్తకం, దాన్ని అందరికీ తెరవరు. ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఇ.సి. కంప్యూటర్లో సాధారణంగా 1983 నుంచే ఉంటుంది, నీకు కావలసినవి చేతిరాత సంపుటాల్లోనే. చీరాల కాగితాలు ఏ కాలంలో ఏ కార్యాలయంలో నమోదయ్యాయో ముందు తెలుసుకో. జనన రిజిస్టర్లలో పిల్లల పేర్లు వెతికి నిరాశపడవద్దు. పాతవాటిలో చాలావరకు బిడ్డ పేరే ఉండదు, ఆడో మగో రాసి తండ్రి పేరు రాస్తారు. మేనత్త పుట్టిన తేదీ కావాలంటే తాతయ్య పేరు కింద ఆడపిల్ల నమోదు చూడాలి. అదే పేరు ఇంకొకరికీ ఉండవచ్చు కాబట్టి అక్కడా ఆయన తండ్రి పేరు, వీధి సరిచూసుకో.

రామనగరం కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లు. 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలకు పెట్టింది పేరు. ఆనాటి వార్తలు అక్కడ కూర్చుని చదువు. అయితే ముందే చెబుతున్నాను, పత్రికల్లో నాయకుల పేర్లుంటాయి. పన్ను కట్టనందుకు శిక్ష పడినవారి పేర్లు కొన్ని ఉండవచ్చు. మగ్గం విప్పుకుని బండెక్కించిన నేతగాడి పేరు ఎవరూ అచ్చు వేయలేదు. మా తాతయ్య పేరు దొరక్కపోవచ్చు. దొరకకపోతే దొరకలేదనే రాయి, ఏయే పుస్తకాలు చూశావో కూడా రాయి. మేనత్త చెప్పింది కూడా రాయి, ఆమె చెప్పిందని చెప్పి రాయి. దాన్ని కాగితం కన్నా తక్కువగా చూడవద్దు, ఎక్కువగానూ చూడవద్దు. రెండూ ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ కలవడం లేదో చదివేవాడికి కనిపించాలి.

ఇంకొకటి, దీనికి నువ్వు నవ్వుతావేమో గానీ నవ్వవద్దు. పాత దస్తావేజు చేత పట్టుకుని ఆ వీధిలో ఎవరి ఇంటి ముందూ నిలబడవద్దు. ఇప్పుడు అక్కడ ఉన్నవారు నిన్ను చూసి ముత్తాత కథ అనుకోరు, ఆస్తి తగాదా అనుకుంటారు. నేను పనిచేసిన రోజుల్లో పాత నకలు ఒకటి చేతికి వచ్చిన పాపానికి అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు చూశాను. ముందు మీ నాన్నను తీసుకెళ్లి పరిచయం చేసుకో, కాఫీ తాగు, వాళ్ల తాతల కబుర్లు అడుగు. కాగితం సంచిలోంచి తీయవద్దు. సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు నీ పుస్తకంలో అచ్చు వేయవద్దు.

ఆ 1861 నాటి ఆయన్ను కూడా వదిలేయకు. ఆయనా మనవాడే. ఆ అప్పు ఎందుకు చేశాడో నాకు తెలియదు. కూతురి పెళ్లికో, నూలు కొనడానికో, జబ్బుకో. అన్నయ్య పుస్తకంలో ఆయనకు పుట్టిన సంవత్సరం కూడా లేదు, ఆయన భార్య పేరు అసలే లేదు. నీ పుస్తకంలో ఆడవాళ్ల పేర్లు రావాలి. కాగితాల్లో వాళ్లు ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని వస్తారు, నిశానీ పక్కన పేరుంటుంది. అది వదలకుండా రాసుకో.

మే నెలలో సెలవు పెట్టానంటున్నావు. మే నెలలో చీరాల ఎండ, రికార్డు గదుల దుమ్ము, నీకేమో చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఆ సెలవు మార్చుకో. కార్తీకంలో రా. ముక్కుకు గుడ్డ కట్టుకునే లోపలికి వెళ్లాలి, మందు సంచిలోనే ఉండాలి. పెట్టె నా దగ్గరే ఉంది, వేపాకు మార్చి మళ్లీ సర్ది ఉంచుతాను. నువ్వు వచ్చే దాకా ఆ పేజీని ఎవరికీ పంపవద్దు. పంపినవాళ్లకు ఈ రోజే ఫోను చేసి, అది తప్పని మీ తాతయ్యే సవరించాడని చెప్పు. చెప్పాక నాకు ఒక మాట రాయి.

ఆశీస్సులతో,
మీ చిన్నతాత