ఎడారిలో పరాయి గడ్డిని స్థానిక మొక్కలు ఆపగలవా?

పాడైన ఎడారి నేలలో స్థానిక మొక్కలు పెంచితే బయటినుంచి వచ్చిన గడ్డి తగ్గుతుందా? తగ్గుతుంది, కానీ ఏ మొక్క అన్నదే ముఖ్యం.

అమెరికాలోని మొహావీ ఎడారిలో రెడ్ బ్రోమ్ అనే పరాయి గడ్డి చలికాలం వానలకే మొలిచి, పైమట్టిలో తేమను ముందుగానే పీల్చేస్తుంది. దానికి పోటీ ఇవ్వాలంటే అదే సమయంలో మొలిచి, అదే లోతులో వేళ్లు పరిచే స్థానిక చిరుమొక్కలు కావాలి. క్రియోసోట్ లాంటి పొదలు మాత్రమే నాటితే చాలదు. ఆ గడ్డి పొదల నీడలోనే ఇంకా ఏపుగా పెరుగుతుంది.

అసలు భయం మంటలది. ఎండిన గడ్డి పొదల మధ్య ఖాళీని నింపేసి నిప్పును పాకిస్తుంది. పొదలు కాలిపోతే ఆ చోటూ గడ్డిదే. అందుకే గింజ కట్టకముందే గడ్డి పీకేసి, తర్వాతి వానలకు ముందు స్థానిక విత్తనాలు చల్లాలి.