జీఎన్ఎం చేసిన నర్సు ఎమ్మెస్సీ దాకా వెళ్లడం ఎలా?

అమలాపురంలో డ్యూటీ చేస్తున్న మీ చెల్లెలు జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) తర్వాత నేరుగా ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరవచ్చా అని మీరు అడిగారు. నేరుగా కుదరదండీ. మధ్యలో 2 ఏళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే డిప్లొమా నర్సుల కోసం ఉన్న డిగ్రీ, చేయాలి. ఇంటర్ తర్వాత 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకు ఈ మెట్టు అక్కర్లేదు.

ఎమ్మెస్సీ 2 ఏళ్లు. బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది పని అనుభవం ఉండాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: పోస్ట్ బేసిక్ వాళ్లకు ఆ ఏడాది అనుభవం పోస్ట్ బేసిక్ కోర్సుకు ముందుదైనా చెల్లుతుంది. అంటే ఇప్పుడు చేస్తున్న నైట్ డ్యూటీలు వృథా కావు. కాబట్టి ఆసుపత్రి నుంచి అనుభవ ధ్రువపత్రం తప్పకుండా తీసుకుని దాచుకోమనండి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

ఎమ్మెస్సీలో మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్ అని శాఖలున్నాయి. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల గర్భిణులను పడవల మీద ఆసుపత్రికి చేర్చే మన కోనసీమకు ప్రసూతి, కమ్యూనిటీ శాఖల్లో చదివినవాళ్లు చాలా అవసరమని నా నమ్మకం. ఐసీయూ పని ఇష్టమైతే బీఎస్సీ తర్వాత క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది. అదీ 2 ఏళ్లే, చదువు ఎక్కువగా రోగి మంచం పక్కనే సాగుతుంది. పాఠాలు చెప్పాలనుంటే మాత్రం ఎమ్మెస్సీ మంచి దారి, ఆపైన పీహెచ్‌డీ.