ఫ్లీ మార్కెట్లో దొరికే పాత జర్మన్ వెండి టాలర్లు అసలువో కాదో ఎలా తెలుస్తుంది?

జర్మనీకి కొత్తగా వచ్చాను, సంతలో పాత రాజ్యాల వెండి నాణేలు అమ్ముతున్నారు, కొనవచ్చా అని ఒకరు అడిగారు. కొనండి, కానీ జేబులో చిన్న డిజిటల్ త్రాసు పెట్టుకుని వెళ్లండి.

మొదటిసారి కొనేవాళ్లకి 1857 తర్వాతి ఫెరైన్స్‌టాలర్లే, అంటే రాజ్యాలు ఉమ్మడి లెక్కన కొట్టిన టాలర్లే మేలు. జర్మనీ అప్పటికి ఒకే దేశం కాదు. ప్రష్యా, సాక్సనీ, హనోవర్, ఫ్రాంక్‌ఫర్ట్ ఎవరి బొమ్మ వాళ్లు వేసుకునేవారు. 1857లో నాణేల మీద చేసుకున్న వియన్నా ఒప్పందం వల్ల వెండి మాత్రం అన్నిట్లో ఒక్కటే: 500 గ్రాముల స్వచ్ఛమైన వెండికి 30 నాణేలు. ఆ మాట నాణెం మీదే ఉంటుంది, రోమన్ అంకెల్లో 30, పక్కన ‘ఐన్ ఫుండ్ ఫైన్’ అని, అంటే స్వచ్ఛమైన వెండి ఒక పౌండు (అప్పటి లెక్కలో 500 గ్రాములు). బరువు 18.52 గ్రాములు, అందులో 90 శాతం వెండి, అడ్డం 33 మిల్లీమీటర్లు. మన విక్టోరియా రూపాయి 11.66 గ్రాములే కాబట్టి చేతిలో పట్టుకోగానే తేడా తెలుస్తుంది. అరిగినవాటిలో కాస్త తగ్గొచ్చు. గ్రాము, రెండు గ్రాములు తేడా వస్తే మాత్రం వదిలేయండి.

తర్వాత అంచు చూడండి. ప్రష్యా టాలర్ అంచు మీద ‘గాట్ మిట్ ఉన్స్’ అనే అక్షరాలు స్పష్టంగా ఉండాలి. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే పోతపోసిన నకిలీ. ఒకచోట రాపిడి గుర్తు ఉంటే కొక్కెం అతికించి నగగా వాడి, తర్వాత పీకేశారన్నమాట. మన కాసులపేరులాగే అక్కడా నాణేలు మెడలో వేసుకున్నారు. నాణెం అసలుదే, కానీ విలువ సగం కూడా ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, తోమకండి. నా మొదటిది ఫ్రాంక్‌ఫర్ట్ టాలర్, ఒకావిడ తల బొమ్మ ఉన్నది. నల్లగా ఉందని, అమ్మ కుంకుమభరిణె తోమినట్టు, చింతపండు పెట్టి రుద్దేశాను. తళతళలాడింది! నాణేల షాపాయన భూతద్దంలో ఒక్క క్షణం చూసి, ఒట్టి వెండి ధరే ఇస్తానన్నాడు.

ఇంకో సంగతి. 1871 తర్వాత జర్మనీ బంగారం ఆధారంగా మార్కు అనే కొత్త కరెన్సీకి మారి, పాత నాణేలు కరిగించిన వెండిని మార్కెట్లో అమ్మింది. ప్రపంచంలో వెండి ధర పడిపోవడానికి అదీ ఒక కారణం, దాంతోపాటు వెండి రూపాయీ పడింది. 1893లో మన టంకశాలల్లో జనం తెచ్చిన వెండికి రూపాయలు కొట్టివ్వడం ఆపేశారు. మిగిలిన టాలర్లు మాత్రం మూడు మార్కుల లెక్కన 1907 దాకా చెల్లాయి.

ప్రష్యావి 1861 పట్టాభిషేకం టాలర్, 1871 విజయం టాలర్ విరివిగా దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టండి. బేరం ఆడొచ్చు, ఏమీ అనుకోరు.