గీజర్ డబ్బా గురించి మేనకోడలికి

నల్లగొండ

బిడ్డా,

గీజర్‌కు సొంతంగా కంట్రోలర్ చేస్తున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. ముప్పై ఏండ్లు బోరు మోటార్లు చుట్టిన చేతులు నావి. మన ఇంట్ల ఇంకొకరు సోల్డరింగ్ ఐరన్ పట్టిన్రంటే ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలే. తెల్లారేసరికి అదే భయమైంది, అందుకే రాస్తున్న.

మామూలు సంగతులు నీకు తెలుసు. 2.5 ఎంఎం వైరు, 16 ఆంప్స్ ప్లగ్గు, గట్టి ఎర్తింగు, కరెంటు లీకైతే బందు పెట్టే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ.

నా భయమంతా రిలే గురించే, అదే గీజర్‌ను వేసి ఆర్పే చిన్న కరెంటు స్విచ్చు గురించే. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దగ్గరదగ్గర 9 ఆంప్స్ గుంజుతది. నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంప్స్ అని రాసుంటది, సరిపోతదనుకుంటం. నేనూ గట్లనే అనుకున్న.

మీ అమ్మ పెండ్లైన ఏడు, చలికాలం. చన్నీళ్లకు మీ అమ్మమ్మ మోకాళ్లు గుంజుతున్నయంటే టైమరూ రిలే పెట్టి ఒక డబ్బా చేసిన. గీజర్ల నీళ్లు మరీ కాగితే కరెంటు తెంపే కటౌట్ ఊకె పడుతుంటే, ఎందుకు పడుతుందో చూడకుండా దాన్ని తీసేసి డైరెక్ట్ చేసిన. నెల మంచిగనే నడిచింది. ఒకనాడు పొద్దుగాల డబ్బా మీద లైటు ఆరి ఉంది. "లైటు ఆరిందమ్మా, నీళ్లు పట్టుకో" అన్న. నల్లా తిప్పంగనే నీళ్లకంటే ముందు ఆవిరి కొట్టింది. ఎడమ చెయ్యి మణికట్టు దాక బొబ్బలెక్కింది.

డబ్బా ఇప్పి చూస్తే రిలే పాయింట్లు రెండూ కరిగి, నల్లగ, ఆవగింజంత ముద్దయి అతుక్కున్నయి. స్క్రూడ్రైవర్ పిడితో తడితే టక్కున ఊడినయి. టైమర్ బందు పెట్టింది, లైటు ఆరింది, గీజర్ మాత్రం కాలుతనే ఉంది. లైటును నేను రిలేను లేపే కాయిల్‌కు కలిపిన మరి, గీజర్‌కు పొయ్యే వైరుకు కాదు!

చిన్నప్పుడు ఆ మచ్చ ఏందని నువ్వడిగితే "పొయ్యి కాడ కాలింది బిడ్డా" అనేది మీ అమ్మమ్మ. పొయ్యి కాదు.

అందుకే ఆ చిన్న రిలేతో గీజర్ నడపకు. దాంతో 25 ఆంప్స్ కాంటాక్టర్‌ను, అంటే పెద్ద లోడుకు చేసిన పెద్ద రిలేను, లేపు, రెండు పోల్స్‌ది, ఫేజూ న్యూట్రలూ రెండూ తెగాలె. లైటు కాంటాక్టర్ అవతల, గీజర్‌కు పొయ్యే వైరు మీద పెట్టు. కటౌట్ జోలికి, సేఫ్టీ వాల్వ్ జోలికి పోతే నేనూరుకోను.

ఇంకోటి. మొన్న ఒక పిల్లగాడు తన బోర్డు తెచ్చి చూపించిండు. నీళ్ల వేడి చూసే డీఎస్18బీ20 సెన్సర్ తీగ ఊడితే ఆర్డునో బోర్డుల మైనస్ 127 డిగ్రీలని వస్తున్నది. నీళ్లు చల్లగున్నయనుకొని అది హీటర్ వేస్తనే ఉంటది. అసొంటి అంకె వస్తే వెంటనే బందు కావాలని ప్రోగ్రాంల రాయి. మన బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద సున్నం పేరుకుంటది, ఏడాదికోసారన్న ఇప్పి గీకాలె.

బోర్డు మీద సోల్డరింగ్ మంచిగొచ్చిందట, మీ అమ్మ మురిసిపోతున్నది. నేనూ చూడాలె. కరెంటు మాత్రం ఇప్పుడే ఇయ్యకు. ఆదివారం మొదటి బస్సుకే పాలమూరు వస్తున్న, వైర్ల ఇన్సులేషన్ చూసే మెగ్గర్ తెస్తున్న. మీ అమ్మను ఏం వండొద్దను, ఇంత పచ్చిపులుసు చాలు.

మీ మామ