రెండు పిల్ల కణాలూ సమానంగా ఉండాలని ఎవరన్నారు?

"కణం విభజన చెందితే రెండు పిల్ల కణాలూ ఒకే పరిమాణంలో ఉండాలి కదా, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది ఎలా అవుతాయి?" అని అడిగారు. ఉండాలన్న నియమమేమీ లేదు. క్రోమోజోములు సమానంగా అందాలి, అంతే. మిగతా ఆస్తి ఎవరికెంత అన్నది గట్టు ఎక్కడ వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నేను జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఈ భ్రమ ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు: గైడు పుస్తకాల బొమ్మల్లో. ఒక గుండ్రం, నడుమ నిలువు గీత. అదే విద్యార్థి తర్వాతి ప్రశ్నకు పుప్పొడి రేణువును గీస్తాడు. పెద్ద శాకీయ కణం, పక్కన చిన్న ఉత్పాదక కణం. రెండూ ఒకే విభజనలో పుట్టినవే! మార్కులు పడతాయి, అనుమానం మాత్రం రాదు.

ఒక ఏడాది ఇలాంటి విభజనను చూపించే ప్రాక్టికల్సుకు ఈస్టు (ఒకే కణంతో ఉండే శిలీంధ్రం) కావలసి వచ్చింది. కొన్న పొట్లం ఎంత నానబెట్టినా పొంగలేదు. మా అటెండరు "తాటికల్లు తెస్తాను మేడమ్, అందులో ఉన్నంత ఈస్టు ఎక్కడుంటుంది?" అని మర్నాడు పొద్దున్నే క్యారియరు గిన్నెలో పట్టుకొచ్చాడు. వాసన వరండా దాటి ప్రిన్సిపాల్ గదికి చేరింది. ఆయన విసవిసా వచ్చి "ఇది ప్రయోగశాలా, కల్లు పాకా?" అన్నారు. సమాధానం చెప్పకుండా సూక్ష్మదర్శిని వైపు చూపించాను. వంగి చాలాసేపు చూసి, "ముందు ఆ గిన్నెకు మూత పెట్టించండి" అని వెళ్లిపోయారు.

చుక్క ఆరిపోకుండా కవర్‌స్లిప్ అంచులకు వాజలీను పూసి, ఒకే కణాన్ని గంటగంటకూ గీయమన్నాను. తల్లి కణం దాదాపు ఉన్నంతే ఉంది, దాని పక్కన మొగ్గ, అంటే పిల్ల కణం, మాత్రం పెరిగింది. తల్లంత కాకముందే మొగ్గ విడిపోయింది. తల్లి వెంటనే మరో మొగ్గ తొడిగింది. చిన్నది కదలక మెదలక ఉండిపోయింది. "చచ్చిపోయిందా మేడమ్?" అని ఒక అమ్మాయి దిగులుపడింది. చావలేదు, పెరుగుతోంది. తగినంత పరిమాణం వచ్చేదాకా ఈస్టు కొత్త మొగ్గ తొడగదు. చిన్నగా పుట్టినందుకు అది చెల్లించే మూల్యం ఆ ఆలస్యమే. అయితే తల్లికీ ఒక హద్దుంది. ఊడిన ప్రతి మొగ్గకూ దాని గోడ మీద కైటిన్ అనే గట్టి పదార్థపు మచ్చ మిగులుతుంది, సగటున 20–30 మొగ్గల తర్వాత ఇక విభజన చెందదు. కూతురు తన లెక్కను సున్నా నుంచి మొదలుపెడుతుంది.

ఈస్టు తెంచుకునే చోటును, అంటే మొగ్గ మెడను, ముందే నిర్ణయించుకుంటుంది. కేంద్రకమే ఆ మెడ దగ్గరికి వచ్చి రెండవుతుంది. జంతు కణాల్లో చీలిక ఎక్కడ పడాలో కండె, అంటే క్రోమోజోములను రెండు వైపులకూ లాగే దారాల కట్ట, చెబుతుంది. కండె నడుమ ఉంటే సగం సగం, పక్కకు జరిగితే చిన్నా పెద్దా. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే నులిపురుగు పిండంలో మొదటి విభజనకే కండెను వెనక వైపుకు గట్టిగా లాగుతారు ప్రోటీన్ కూలీలు. ముందు కణం పెద్దది, వెనకది చిన్నది అవుతుంది. మనిషి అండంలోనైతే కండె ఏకంగా అంచుకు చేరుతుంది. అందుకే 0.1 మిల్లీమీటరు అండానికి ఆహారమంతా దక్కి, దాని నుంచి విడిపోయే చిన్న కణానికి, అంటే ధ్రువ దేహానికి, క్రోమోజోములు తప్ప పెద్దగా ఏమీ మిగలదు. నన్నడిగితే, జీవులు కొత్తదేదైనా తయారుచేయాలనుకున్న ప్రతిచోటా ఈ అసమానతే మొదటి మెట్టు.

ఇవన్నీ చూపించే సూక్ష్మదర్శినులు చాలా కళాశాలల్లో బీరువాలో తాళం కింద ఉన్నాయి. ప్రాక్టికల్ మార్కులు రికార్డు అట్టను చూసి వేస్తున్నారు. మీరున్న చోట కల్లు దొరక్కపోతే, తేదీ దాటని ఈస్టును గోరువెచ్చని చక్కెర నీళ్లలో కలిపి చూడండి. ఇడ్లీ పిండితో అవుతుందా అని అడగకండి. దాన్ని పులియబెట్టేది ముఖ్యంగా బాక్టీరియా, మామూలు సూక్ష్మదర్శినిలో చుక్కల్లా తప్ప కనిపించదు.