బోరు నీళ్ళు మరిగించి తాగితే ఆర్సెనిక్ పోతుందా?

పోదు. మరిగించేకొద్దీ నీళ్ళు ఆవిరవుతాయి, ఆర్సెనిక్ అనే ఆ విషం గిన్నెలోనే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. "క్రిములు చస్తాయి కదా" అని మీ ప్రశ్నలో రాశారు, చచ్చేవి మీ గిన్నెలోవి, ఆర్సెనిక్‌ని నీళ్ళలోకి వదిలిన క్రిములు భూమిలో హాయిగా ఉన్నాయి.

బ్యాంకు ఉద్యోగం మీద పశ్చిమ బెంగాల్ నదియా జిల్లా చాక్‌దహాలో మూడేళ్ళున్నాను. ఇంటి ఓనరుగారిని వీధిలో అందరిలాగే నేనూ మాసీమా (పిన్ని) అనేవాణ్ణి. పెరట్లో బోరింగు, కొట్టగానే నీళ్ళు అద్దంలా వచ్చేవి, బిందెలో రాత్రంతా ఉంచితే అడుగున ఎర్రటి మడ్డి. చేరిన వారానికే ఆవిడ జామాకు నలిపి గ్లాసు నీళ్ళలో వేశారు, కాసేపటికి సిరా కలిపినట్టు నల్లబడ్డాయి. "ఐరనే బాబూ, తేరనిచ్చి తాగు" అన్నారు. ఆవిడకి అదే ల్యాబు.

మరుసటి ఏడు ఒక కుర్రాడు ఆర్సెనిక్ చూసే కిట్టు పట్టుకొచ్చాడు. సీసాలో నీళ్ళు పోసి, పొడులు వేసి, చిన్న తెల్ల కాగితం పెట్టిన మూత బిగించాడు. లోపల బుసబుసమని పొంగింది. ఇరవై నిమిషాల్లో కాగితం పసుపు తిరిగి, చూస్తుండగానే గోధుమరంగుకు ముదిరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, మాది ఎన్నో రెట్లు. ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న పక్కింటి బోరింగు కాగితం మాత్రం లేత పసుపు దాటలేదు! మాసీమా ఏమీ అనకుండా లోపలికెళ్ళి వాళ్ళాయన మేశోమశాయ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన అరచేతుల నిండా ఆవగింజల్లా గట్టి బొడిపెలు. పార పట్టి పట్టి కాయలు కాశాయనుకున్నారు ఇన్నేళ్ళూ.

హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక మీద తుప్పు పూత ఉంటుంది, ఆర్సెనిక్ దానికి అంటుకుని ఉంటుంది. కుళ్ళిన ఆకూ అలమూతో కలిసి గాలాడని లోతులో పూడిపోయాక, అక్కడి బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు ఆ తుప్పుతోనే ఊపిరి పీలుస్తాయి. తుప్పు కరిగితే ఆర్సెనిక్ నీళ్ళలోకి వస్తుంది. 2004లో మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు బెంగాల్ మట్టితోనే ఇది చేసి చూపించారు. 1983లోనే కలకత్తాలో డాక్టర్ కె.సి. సాహా చర్మం మీద ఇలాంటి బొడిపెలకి, మచ్చలకి కారణం తాగే నీళ్ళలోని ఆర్సెనిక్ అని పట్టుకున్నారు, అప్పటికే చెరువు నీళ్ళ విరేచనాలకు భయపడి ఇంటింటా బోరింగు దించేశారు. ఆ క్రిముల్ని తప్పించుకోబోయి ఈ క్రిముల పాలబడ్డారన్నమాట.

ఇక నాకు ఒళ్ళు మండేది టీడీఎస్ మీటర్లు. హైదరాబాద్ వచ్చాక ఫిల్టరు అమ్మేవాడు ఒకడు గ్లాసులో మీటరు ముంచి "నూట ఇరవై సార్, సేఫ్" అన్నాడు. అది కొలిచేది మొత్తం ఉప్పుల్ని, మిల్లీగ్రాముల్లో. లీటరుకు నాలుగైదొందల మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్నా దానికి పట్టదు. ఆ మాట అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. మీరు నీళ్ళు ల్యాబుకిస్తే ఆర్సెనిక్ అని విడిగా రాసివ్వండి, మామూలు ప్యాకేజీలో అది ఉంటుందనుకోకండి.

చాక్‌దహాలో మా బోరింగుకు ఎర్ర రంగు పూసి, గిన్నెలు తోమడానికి మాత్రమే అన్నారు. మాసీమా కెటిల్ పట్టుకుని పక్కింటికి నడిచేవారు, టీ రుచి పోయిందని గొణుక్కుంటూనే. నేను బదిలీ అయ్యేనాటికి రెండు వర్షాకాలాలకి ఆ రంగు పెచ్చులు లేచిపోయింది. నా గదిలోకి దిగిన కొత్త కుర్రాడు సామాను సర్దకముందే దాని కింద బిందె పెట్టాడు.